అద్దె ఇంట్లో 5.5 కిలోవాట్ ఎలక్ట్రిక్ షవర్: పాత 16 ఆంప్స్ సాకెట్‌కి పెట్టొచ్చా? (బెంగళూరు)

హొరమావు_పైఅంతస్తు:

అందరికీ నమస్కారం. హొరమావులో ఒక ఇండిపెండెంట్ ఇంటి మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాం. మా పైన టెర్రస్సే. బాత్రూమ్ చిన్నది, 5 అడుగులకు 7 అడుగులు. గీజరు ట్యాంకు పెడితే తల తగులుతుందేమోనని, ట్యాంకు లేకుండా షవర్‌లోనే నీళ్లు వేడెక్కే 5.5 కిలోవాట్ ఎలక్ట్రిక్ షవర్ చూసి పెట్టుకున్నాం. ఇంకా కొనలేదు.

బాత్రూమ్ లోపల అద్దం పక్కన, నేల నుంచి 5 అడుగుల ఎత్తులో ఒక 16 ఆంప్స్ సాకెట్ ఉంది. దానికి వచ్చేది 2.5 స్క్వేర్ ఎంఎం వైరు. హాల్లో ఉన్న డీబీలో (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) 32 ఆంప్స్ మెయిన్ ఒకటి, కింద ఆరు సింగిల్ ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌లు). ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసేది) లేదు. డీబీ నుంచి బాత్రూమ్ దాకా వైరు వెళ్లే దారి సుమారు 18 మీటర్లు. కరెంటు బిల్లులో మంజూరైన లోడు 3 కిలోవాట్లు అని ఉంది. నీళ్లు బోరువి, టెర్రస్ మీద ట్యాంకు నుంచి వస్తాయి.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "పవర్ ప్లగ్ ఉంది కదా సార్, టాప్ (త్రీ-పిన్ ప్లగ్) బిగించి పెట్టేద్దాం. ఎర్త్ సరిగా లేకపోతే న్యూట్రల్ నుంచి లూప్ ఇచ్చేస్తా" అన్నారు. ఇంట్లో పెద్దావిడ, మూడేళ్ల పాప ఉన్నారు కాబట్టి ఒకటికి రెండుసార్లు అడుగుతున్నా. ఏ వైరు వేయాలి, ఏ ఎంసీబీ, స్విచ్ ఎక్కడ ఉండాలి? ఎర్త్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

---

వైర్‌మ్యాన్_కోలార్:

పెట్టకూడదండి. 5500 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 23.9 ఆంప్స్. 16 ఆంప్స్ సాకెట్‌కి అది ఒకటిన్నర రెట్లు.

"ఎక్కువైతే ఎంసీబీ పడిపోతుంది కదా" అని చాలామంది ధీమాగా ఉంటారు. ఎంసీబీ అంత త్వరగా పడదు. రేటింగ్‌కి 1.45 రెట్లు కరెంటు వెళ్తే గంటలోపు పడాలన్నదే దాని ప్రమాణం. 16 ఆంప్స్ ఎంసీబీ మీద 24 ఆంప్స్ వెళ్తే 10 నిమిషాల స్నానంలో అది కదలకపోవచ్చు. ఆ 10 నిమిషాలూ సాకెట్ లోపలి ఇత్తడి పత్రాలు వేడెక్కుతూ ఉంటాయి. రోజూ అలా కాలితే పత్రాల్లో స్ప్రింగు గుణం పోయి పట్టు వదులవుతుంది, పట్టు వదులైతే ఇంకా వేడి. సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమ రంగు మరక, కాలిన బేకలైట్ వాసన వచ్చాయంటే ఆ దశకు చేరినట్టే. ఇక ఎంసీబీ అప్పుడప్పుడు పడుతోందని దాన్ని తీసి అదే 2.5 వైరు మీద 32 ఆంప్స్‌ది పెట్టారనుకోండి, ఇప్పుడు కాలేది సాకెట్ ఒక్కటే కాదు, గోడలోని వైరు కూడా.

5.5 కిలోవాట్ పెట్టి తీరాలంటే డీబీ నుంచి విడిగా ఒక లైను లాగాలి. ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. డీబీలో 32 ఆంప్స్ డబుల్ పోల్ ఎంసీబీ, ఫేజునీ న్యూట్రల్‌నీ రెంటినీ కట్ చేసేది. బాత్రూమ్ బయట 32 ఆంప్స్ డీపీ (డబుల్ పోల్) స్విచ్, ఇండికేటర్ దీపం ఉన్నది. అక్కడి నుంచి నేరుగా షవర్ టెర్మినల్‌కి, మధ్యలో సాకెట్టూ టాప్ ప్లగ్గూ ఉండకూడదు. పైపు 25 ఎంఎం తీసుకోండి, 20 ఎంఎంలో మలుపుల దగ్గర 6 స్క్వేర్ వైర్లు మూడు లాగేటప్పుడు ఇన్సులేషన్ గీసుకుపోతుంది. మీ 18 మీటర్లకి, చివర్ల కోసం 2 మీటర్లు కలుపుకుని, రంగుకి 20 చొప్పున 60 మీటర్ల వైరు. బీవీకే అయ్యంగార్ రోడ్డులో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు, 90 మీటర్ల కాయిల్ మూడు కొనక్కర్లేదు. వైరు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అన్న అచ్చు చూసుకోండి.

2.5 మీద ఎందుకు వద్దో ఇంకో లెక్క. 18 మీటర్లు పోయి రావడం అంటే 36 మీటర్లు. 2.5 స్క్వేర్ ఫ్లెక్సిబుల్ రాగి వైరుకి అంత పొడవులో సుమారు 0.29 ఓమ్ రెసిస్టెన్స్. 24 ఆంప్స్ వెళ్తే గోడలోపల 165 వాట్ల వేడి. 6 స్క్వేర్ వేస్తే అదే 70 వాట్ల లోపు.

ఇది చదివే మిగతా వాళ్ల కోసం: 2 కిలోవాట్ గీజరుకి 8.7 ఆంప్స్, 3 కిలోవాట్ ఇన్‌స్టంట్‌కి 13 ఆంప్స్. రెంటికీ 2.5 స్క్వేర్, 16 ఆంప్స్ ఎంసీబీ సరిపోతాయి. 4.5 కిలోవాట్‌కి 19.6 ఆంప్స్, అప్పటికే 16 ఆంప్స్ సాకెట్ దాటిపోయింది. దానికి కనీసం 4 స్క్వేర్, దూరం ఎక్కువైనా, ఒకే పైపులో వేరే లైన్లున్నా 6. ఇక 7.5 కిలోవాట్ అంటే 32.6 ఆంప్స్, 10 స్క్వేర్, 40 ఆంప్స్. అద్దె ఇంట్లో దాని జోలికి వెళ్లకండి.

పైగా మీ మెయిన్ 32 ఆంప్స్. షవర్ ఒక్కటే 24 తింటే మిగిలేది 8. ఆ సమయంలో ఎవరైనా ఇండక్షన్ స్టవ్ వేస్తే ఇల్లంతా ఆరిపోతుంది. మంజూరైన లోడు 3 కిలోవాట్లే కాబట్టి పెంచమని కరెంటు సంస్థ బెస్కామ్‌కి ఇంటి ఓనరే దరఖాస్తు పెట్టాలి. ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాట్ లెక్కన వేస్తారు కాబట్టి నెలనెలా అదీ పెరుగుతుంది.

---

ఎర్త్_మెగ్గర్:

వైరు సంగతి పై అన్న చెప్పేశారు. నన్ను భయపెట్టింది మాత్రం ఆ "న్యూట్రల్ నుంచి లూప్ ఇచ్చేస్తా" అన్న మాట. ఆయన చేత ఈ పని అసలు చేయించకండి.

సాకెట్ వెనక న్యూట్రల్ టెర్మినల్ నుంచి ఎర్త్ పిన్నుకి ఒక చిన్న ముక్క వైరు కలుపుతారు. టెస్ట్ ల్యాంపు పెడితే వెలుగుతుంది, ఎర్త్ ఉన్నట్టే కనిపిస్తుంది. ఒకరోజు డీబీలోనో మీటరు బోర్డులోనో న్యూట్రల్ స్క్రూ వదులై ఊడిందనుకోండి. ఫేజు నుంచి వచ్చిన కరెంటు హీటర్ కాయిల్ గుండా న్యూట్రల్ దాకా వస్తుంది, తిరిగి వెళ్లే దారి లేదు. ఆ ముక్క వైరు మీదుగా ఎర్త్ పిన్నుకి, అక్కడి నుంచి గీజరు లోహపు బాడీకి, కుళాయికి 230 వోల్టులు వచ్చి నిలబడతాయి. హీటరులో ఏ లోపమూ ఉండదు, ఎంసీబీ పడదు. తడి కాళ్లతో కుళాయి తిప్పిన మనిషి గుండా ఆ సర్క్యూట్ పూర్తవుతుంది.

అసలు ఎర్త్ ఉన్నా సరే, ఇళ్లలో అది ఒక్కటే చాలదు. మీ ఇంటి ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు మట్టిలో కలిసే గుంత) 5 ఓమ్‌లు ఉందనుకుందాం, ఇళ్లకి అది చెడ్డదేమీ కాదు. హీటర్ ఎలిమెంట్ పగిలి ఫేజు నేరుగా బాడీకి తగిలితే ఎర్త్‌లోకి వెళ్లేది 230ని 5తో భాగించినంత, అంటే 46 ఆంప్స్. 32 ఆంప్స్ ఎంసీబీకి అది 1.44 రెట్లు. పైన చెప్పిన 1.45 కంటే తక్కువే కాబట్టి అది గంటయినా పడకపోవచ్చు. అంతసేపూ బాడీ మీద ప్రమాదకరమైన వోల్టేజీ ఉంటుంది. సీ-కర్వ్ అనే రకం 32 ఆంప్స్ ఎంసీబీ వెంటనే ఖాయంగా పడాలంటే 320 ఆంప్స్ వెళ్లాలి, మట్టిలో పాతిన పిట్ గుండా అంత కరెంటు వెళ్లనే వెళ్లదు.

అందుకే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అన్నదొక్కటే అది చూస్తుంది. తేడా 30 మిల్లీఆంప్స్‌కి చేరితే 0.3 సెకన్ల లోపు, 150 దాటితే 0.04 సెకన్ల లోపు కట్ చేస్తుంది. డబ్బాలపై 100, 300 మిల్లీఆంప్స్ అని రాసినవీ అమ్ముతారు. అవి అగ్ని ప్రమాదం కోసం, మనిషి ప్రాణం కోసం కాదు. బాత్రూమ్‌కి 30 తప్ప ఇంకోటి వద్దు.

ఇది ఉన్నప్పుడు పిట్ కొంచెం ఎండిపోయినా ఫర్వాలేదు. 100 ఓమ్‌ల పిట్‌లో 0.03 ఆంప్స్ అంటే బాడీ మీద 3 వోల్టులే. కానీ ఎర్త్ అసలే లేకపోతే లీకేజీ వెళ్లడానికి దారి ఉండదు, మనిషి ముట్టుకున్నాకే ఆర్‌సీసీబీకి తేడా తెలుస్తుంది. అప్పుడు కట్ చేస్తుంది, నిజమే. కానీ ఆ లోపు షాక్ తగులుతుంది, పెద్దావిడ తడి నేల మీద జారిపడితే చాలు. రెండూ ఉండాలి.

పాత ఇంటి మొత్తానికి ఒకే ఆర్‌సీసీబీ పెడితే తరచుగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. పాత వైరింగ్‌లో రెండు గదులకు కలిపి ఒకే న్యూట్రల్ లాగి ఉంటారు. పెట్టిన మరుక్షణం పడిపోతూ ఉంటుంది, చివరికి విసుగొచ్చి పీకేస్తారు. మీరు గీజరు లైనుకి మాత్రం ఆర్‌సీబీఓ పెట్టించుకోండి. ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి, డీబీలో రెండు పోళ్ల చోటు చాలు. ఆ లైను న్యూట్రల్ మాత్రం కామన్ న్యూట్రల్ లింకులో కాకుండా ఆర్‌సీబీఓ కింది టెర్మినల్లోకే రావాలి. వేడిని ఎలక్ట్రానిక్‌గా తగ్గించి పెంచే షవర్ అయితే టైప్ ఏ, మామూలు థర్మోస్టాట్ గీజరుకి టైప్ ఏసీ చాలు.

ముందు మల్టీమీటరుతో మీ సాకెట్ దగ్గర మూడు రీడింగులు తీసి ఇక్కడ పెట్టండి: ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్. మీటరు వాడటం అలవాటు లేకపోతే తెలిసినవాళ్లతో తీయించండి.

---

మదనపల్లి_మారతహళ్లి:

ఇంత తలనొప్పి ఎందుకు, గ్యాస్ గీజరు పెట్టుకోండి. వైరింగే అక్కర్లేదు.

---

ప్లంబింగ్_రేణిగుంట:

5×7 బాత్రూమ్‌లో గ్యాస్ గీజరు మాట ఎత్తొద్దు బ్రదర్. తలుపు వేసుకుంటే గాలి ఆడదు, మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, కళ్లు మండవు, స్పృహ తప్పేదాకా తెలియదు. యూనిట్ బాత్రూమ్ బయట గాలి ఆడే చోట ఉండి వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి వస్తేనే ఆలోచించాలి.

హొరమావు అండీ, కరెంటు మాట అలా ఉంచి నీళ్ల లెక్క చూడండి. నిమిషానికి ఎన్ని లీటర్లు వేడి చేయగలదన్నది కిలోవాట్లను బట్టే ఉంటుంది. 1 కిలోవాట్ ఒక నిమిషంలో 14.3 లీటర్లను 1 డిగ్రీ పెంచుతుంది. డిసెంబరు పొద్దున ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలుంటాయనుకోండి, స్నానానికి 40 కావాలి, అంటే 20 డిగ్రీలు పెంచాలి. 5.5 కిలోవాట్ షవర్‌కి నిమిషానికి సుమారు 4 లీటర్లు. 3 కిలోవాట్ ఇన్‌స్టంట్‌కి 2 లీటర్ల పైచిలుకు, 20 లీటర్ల బకెట్ నిండటానికి 9 నిమిషాలు. అంటే ఇంత మందపు వైరు లాగి పెట్టినా ధార సన్నగానే వస్తుంది.

అదే 15 లీటర్ల 2 కిలోవాట్ ట్యాంకు గీజరు 20 నుంచి 60 డిగ్రీలకు 21 నిమిషాల్లో తెస్తుంది. 60 డిగ్రీల 15 లీటర్లలో 20 డిగ్రీల 15 లీటర్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 30 లీటర్లు, ఒకటిన్నర బకెట్. ఒకరి తర్వాత ఒకరు 20 నిమిషాల తేడాతో చేస్తే ఇల్లంతటికీ సరిపోతుంది. లాగేది 8.7 ఆంప్స్, మీ 3 కిలోవాట్ లోడులో ఇమిడిపోతుంది.

ఇంకోటి, మీది టెర్రస్ కింది అంతస్తు. 1 మీటరు ఎత్తుకి 0.1 బార్ ప్రెషర్. ట్యాంకు స్లాబ్ మీదే కూర్చుని ఉంటే షవర్‌కీ ట్యాంకు అడుక్కీ తేడా మీటరు, మీటరున్నర కంటే రాదు. ఎలక్ట్రిక్ షవర్లలో కనీస ప్రెషర్ వస్తేనే ఆన్ అయ్యే స్విచ్ ఉంటుంది. ట్యాంకు సగానికి తగ్గాక అది ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంటుంది, ఒక క్షణం చల్లగా ఒక క్షణం మరిగేలా వస్తుంది. పసిపాప ఉన్న ఇంట్లో అది ప్రమాదం. దానికి బోరు నీళ్ల సున్నం తోడైతే షవర్ రంధ్రాలు పూడుకుపోయి లోపల నీళ్లు ఆవిరయ్యేదాకా పోతుంది.

చోటు గురించి: అడ్డంగా పెట్టే 15 లీటర్ల మోడళ్లు ఉన్నాయి. బాత్రూమ్ తలుపు పైన లింటెల్ మీద పెట్టించండి, ఎవరి తలకీ తగలదు, షవర్ చిమ్మే నీళ్లకీ దూరం. 4 అంగుళాల సాలిడ్ బ్లాక్ గోడ కంటే లింటెల్ కాంక్రీటులో 10 ఎంఎం యాంకర్ ఫాస్టెనర్ గట్టిగా పట్టుకుంటుంది. నిండిన గీజరు 25 కేజీల దాకా తూగుతుంది కదా, గోడ హాలో బ్లాక్ అయితే యాంకర్ అసలు నిలవదు.

---

హొరమావు_పైఅంతస్తు:

అందరికీ చాలా థ్యాంక్స్. నీళ్ల లెక్క చూశాక షవర్ ఆలోచన మానేశాం, 15 లీటర్ల అడ్డం గీజరే తీసుకుంటాం. పక్కింట్లో మీటరు వాడే ఒకాయన రీడింగులు తీసిచ్చారు: ఫేజు-న్యూట్రల్ 228, ఫేజు-ఎర్త్ 96, న్యూట్రల్-ఎర్త్ 41. సాకెట్ వెనక లూప్ ముక్క ఏమీ లేదు, ఆకుపచ్చ వైరు ఒకటి ఎర్త్ పిన్నుకి వచ్చింది. అంటే ఎర్త్ ఉన్నట్టేనా?

---

ఎర్త్_మెగ్గర్:

లేనట్టు. ఎర్త్ బాగుంటే ఫేజు-ఎర్త్ కూడా ఫేజు-న్యూట్రల్‌కి దగ్గరగా 225కి అటూ ఇటూ రావాలి, న్యూట్రల్-ఎర్త్ రెండు మూడు వోల్టుల లోపే ఉండాలి. 96, 41 లాంటి అంకెలు, అందులోనూ కలిపితే 228 రానివి, ఎక్కడా తగలకుండా గాలిలో ఉన్న వైరులో కనిపిస్తాయి. పక్కన నడిచే ఫేజు వైరు నుంచి ఎక్కిన కొద్దిపాటి వోల్టేజీని డిజిటల్ మీటరు చూపిస్తోంది. మీ ఆకుపచ్చ వైరు దారిలో ఎక్కడో తెగి ఉంది, లేదా పిట్‌కి కలిపి లేదు.

ఒకవేళ రీడింగులు బాగా వచ్చి ఉంటే ఇంకో అనుమానం తీర్చుకోవాలి. ఆ సాకెట్‌లో ఇస్త్రీ పెట్టె లాంటి లోడు పెట్టి న్యూట్రల్-ఎర్త్ చూడాలి. న్యూట్రల్‌లో కరెంటు వెళ్తే అక్కడ ఒకటి రెండు వోల్టులైనా పెరగాలి. లోడు మీద కూడా 0.0 దగ్గరే కదలకుండా ఉంటే ఎక్కడో దగ్గర్లోనే లూప్ ఇచ్చి ఉంటారు.

ఎలక్ట్రీషియన్ 100 వాట్ల బల్బు తెచ్చి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పెట్టి చూపిస్తానంటే, మీ ఇంట్లో ప్రస్తుతం ఒప్పుకోకండి. ఎర్త్ తెగి ఉన్నప్పుడు ఆ బల్బు గుండా ఫేజు వచ్చి ఇంట్లోని ఆకుపచ్చ వైర్లన్నిటికీ ఎక్కుతుంది. ఫ్రిజ్ బాడీ, వాషింగ్ మెషీన్ బాడీ అన్నీ ఆ క్షణంలో లైవ్. 100 వాట్ల బల్బు 0.4 ఆంప్స్ దాకా వదులుతుంది, మనిషికి ప్రాణాంతకమైన దానికి అది ఎన్నో రెట్లు. ఆ పరీక్ష చేయాలంటే ముందు ఇంట్లో ప్లగ్గులన్నీ పీకి, డీబీలో ఎర్త్ లింకు నుంచి పిట్ వైరు ఒక్కదాన్నే విడదీసి దాని మీదే చేయాలి.

వెతకాల్సిన వరుస ఇది. డీబీలో ఆకుపచ్చ వైర్లన్నీ ఒక లింకులో బిగించి ఉన్నాయా, ఆ లింకు నుంచి ఒక వైరు కిందికి దిగిందా, మీటరు బోర్డు దగ్గర అది దేనికి కలిసింది, అక్కడి నుంచి జీఐ (జింకు పూత ఇనుము) తీగ పిట్‌లోకి దిగిన చోట నట్టు తుప్పు పట్టి ఊడిందా. ఎక్కువగా దొరికేది ఈ చివరి చోటే. పైన సిమెంటు పోసి మూసేసి ఉంటే పిట్ ఎక్కడుందో ఓనరుకి కూడా తెలియదు. అలాంటప్పుడు వెతకడం కంటే కొత్తది వేయడమే మేలు. 38 ఎంఎం జీఐ పైపు, 2.5 మీటర్ల పొడవు, గోడకి కనీసం 1.5 మీటరు దూరంలో. చోటు ఇరుకైతే రాగి పూత రాడ్, చుట్టూ బెంటోనైట్ కాంపౌండ్. పైన చిన్న ఛాంబరు, మూత పెట్టించి, ఎండాకాలంలో బకెట్ నీళ్లు పోయించండి. అద్దె ఇంట్లో ఇది ఓనరు పని, ఓనరు ఖర్చు. పిట్ లేకపోతే గీజరు లైనే కాదు, మీ ఫ్రిజ్‌కీ రక్షణ లేదని చెప్పండి, ఒప్పుకుంటారు.

---

హొరమావు_పైఅంతస్తు:

ఓనరుగారు కొత్త పిట్‌కి ఒప్పుకున్నారు. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుని పిలుస్తామన్నారు. గీజరు బిగించే రోజు నేను పక్కనే ఉంటా. ఏం చూసుకోవాలి? పాత సాకెట్, పాత వైరు అలాగే వాడొచ్చా?

---

వైర్‌మ్యాన్_కోలార్:

మంచి నిర్ణయం. 2.5 వైరు వాడొచ్చు, సాకెట్ వద్దు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364 ప్రకారం తొట్టి లేని షవర్ బాత్రూమ్‌లో, నీళ్లు వచ్చే చోటు నుంచి 1.2 మీటర్ల దాకా, నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు దాకా సాకెట్లు, స్విచ్‌లు పనికిరావు.  మీ గది వెడల్పే మీటరున్నర, అంటే 5 అడుగుల ఎత్తులో ఉన్న ఆ సాకెట్ ఆ హద్దు లోపలే పడే అవకాశం ఎక్కువ. దాన్ని తీయించి, వైర్లు డీపీ స్విచ్ వైపు మళ్లించి, ఆ పెట్టె మీద ఖాళీ ప్లేటు బిగించండి.

20 ఆంప్స్ డీపీ స్విచ్ బాత్రూమ్ తలుపు బయట గోడకి, పాపకి అందని ఎత్తులో. అక్కడి నుంచి గీజరు దాకా గోడ పైనే పైపు. డీబీలో పాత ఎంసీబీ తీసి 16 ఆంప్స్, 30 మిల్లీఆంప్స్ డబుల్ పోల్ ఆర్‌సీబీఓ.

పాత వైరుని నమ్మే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) కొట్టించండి. గీజరు కలపకుండా, రెండు చివరలూ విడదీసి, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్, ఫేజు-న్యూట్రల్. 1 మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఆ వైరు వాడకూడదు. మంచి వైరైతే పదుల మెగాఓమ్‌లు చూపించాలి. రెండు మూడు మాత్రమే చూపిస్తే గోడలో ఎక్కడో తడి తగులుతోందని అర్థం, కొత్తది లాగించండి.

టెర్మినళ్ల దగ్గర నిలబడి చూడండి. 10 నుంచి 12 మిల్లీమీటర్లు వలిచి, పోగులు తెగకుండా మెలిపెట్టి, ఫెర్రూల్ (చిన్న లోహపు గొట్టం) తొడిగి క్రింప్ చేసి బిగించాలి. కొందరు గట్టిగా ఉంటుందని పోగుల మీద సోల్డర్ పోస్తారు. సోల్డర్ మెత్తటి లోహం, స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా జారి కొన్ని నెలల్లో వదులవుతుంది. అది చేయనివ్వకండి. బిగించాక ఒక్కో వైరునీ పట్టి లాగి చూడమనండి. గీజరు తీగలో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు ఎర్త్. మన ఇళ్ల వైరింగ్‌లో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. కొన్ని పాత ఇళ్లలో నలుపులో ఫేజు వస్తుంటుంది, రంగు చూసి కాదు, మీటరు పెట్టి కలపాలి. తీగ గీజరులోకి వెళ్లే ముందు కొంచెం కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి, అప్పుడు ఆవిరి నీళ్లు తీగ వెంట జారి లోపలికి పోవు.

నీళ్ల వైపు: చల్లటి నీళ్ల ఇన్‌లెట్‌లో గీజరుతో వచ్చిన సేఫ్టీ వాల్వ్ తప్పక ఉండాలి. 15 లీటర్లు 20 నుంచి 60 డిగ్రీలకు వెళ్తే పావు లీటరు దాకా వ్యాకోచిస్తాయి. వాల్వ్ వెనక్కి వదలదు కాబట్టి ఆ నీళ్లు దాని చిన్న రంధ్రం నుంచి బొట్లుగా కారతాయి. లీకేజీ అనుకుని మైనం పెట్టో బోల్టు పెట్టో మూసేవాళ్లున్నారు, అది ట్యాంకుని బాంబు చేయడమే. సన్న ట్యూబు తొడిగి మోరీ దాకా వదలండి.

మొదటిసారి ఆన్ చేసే ముందు వేడినీళ్ల కుళాయి తెరిచి, గాలి బుడగలు ఆగి ధార నిండుగా వచ్చేదాకా నీళ్లు పోనివ్వాలి. ట్యాంకు ఖాళీగా ఉండగా స్విచ్ వేస్తే ఎలిమెంట్ కొన్ని నిమిషాల్లో మాడిపోతుంది. తర్వాత ఆర్‌సీబీఓ టెస్ట్ బటన్ నొక్కండి, టక్కున పడాలి, ఆ తర్వాత నెలకోసారి అలాగే. కానీ ఆ బటన్ లోపలి మెకానిజాన్నే చూస్తుంది, ఎర్త్ లేకపోయినా అది పడుతుంది. కాబట్టి పిట్ వేశాక ఎర్త్ టెస్టర్‌తో ఓమ్‌లు కొలిపించి రాయించుకోండి. అరగంట నడిచాక డీపీ స్విచ్ ముందు భాగాన్ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా కూడా ఉండకూడదు, ఉంటే ఆఫ్ చేసి స్క్రూ మళ్లీ బిగించాలి.

బోరు నీళ్లు కాబట్టి ఏడాదికోసారి విప్పించి ఎలిమెంట్ మీద సున్నం గీకించి, మెగ్నీషియం రాడ్ అరిగిపోయి ఉంటే మార్పించండి. సున్నం పొర కింద ఎలిమెంట్ తొడుగు ఎక్కువ వేడెక్కి పగుళ్లిస్తుంది, లీకేజీ కరెంటు మొదలయ్యేది అక్కడే. పొద్దున బాగుండి, నీళ్లు వేడెక్కాక మాత్రమే ఆర్‌సీబీఓ పడుతోందంటే అనుమానించాల్సింది ఎలిమెంట్‌నే. ఆర్‌సీబీఓ పాడైందని దాన్ని తీసేయించకండి.

---

వైట్‌ఫీల్డ్_12వ_ఫ్లోర్:

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా. మా అపార్ట్‌మెంట్ గోడలన్నీ మివాన్ (అల్యూమినియం అచ్చుల్లో పోసిన) కాంక్రీటు. బిల్డరు ఇచ్చిన గీజరు పాయింటు ఒక బాత్రూమ్‌లో తప్పు మూల ఉంది. గోడ కోసి జరపొచ్చా?

---

వైర్‌మ్యాన్_కోలార్:

కోయకండి. ఆ గోడలు భారం మోసేవి, లోపల ఇనుప కడ్డీలుంటాయి, అసోసియేషన్ కూడా ఒప్పుకోదు. ఉన్న పాయింటు నుంచి ఫాల్స్ సీలింగ్ పైన పీవీసీ పైపు తిప్పి కావాల్సిన మూలకి దింపండి, వైరు మధ్యలో జాయింటు లేకుండా. డ్రిల్ చేసే ముందు గోడలో దాగిన పైపు, కడ్డీ ఎక్కడున్నాయో డిటెక్టరుతో చూసుకోండి. పై అంతస్తుల్లో నీళ్లకి ప్రెషర్ పంపు ఉంటుంది కాబట్టి గీజరు 8 బార్ రేటింగ్ ఉన్నదే తీసుకోండి. జనరేటర్ బ్యాకప్ ఫ్లాటుకి ఇంత అని పరిమితి పెట్టి ఉంటారు, గీజరు పాయింటు ఆ లైను మీద లేదని డీబీ మీద చీటీ చదివి నిర్ధారించుకోండి.